చిట్టెం కథ: కొండ రాయి నుంచి సిమెంటు బస్తా దాకా



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. సివిల్ చదివే తమ్ముళ్లకు పరీక్షలో పనికొస్తుంది, ఇల్లు కట్టుకుంటున్న మనోళ్లకు ఇంటి దగ్గర పనికొస్తుంది, మిగతా అందరికీ ఒక లెక్క అడగడానికి పనికొస్తుంది.

ముందు ఇది ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్తాం. మేం చదివే రోజుల్లో హాస్టల్ పక్కన రెండు కొత్త గదులు కట్టారు. స్లాబు వేసిన కొన్నాళ్లకే మూలల్లో గోటితో గీకితే పొడి రాలేది. వార్డెన్ సారు నుంచి వంట మనిషి దాకా అందరూ ఒకటే మాట: "ఇది చిట్టెం సిమెంటు రా, ఫ్యాక్టరీ చెత్త కలిపి మన ఏజెన్సీకి పంపేస్తారు." మేం కూడా నమ్మేశాం. మనకి వచ్చే బియ్యం, మందులు, బెంచీలు అన్నీ చూసినవాళ్లం కాబట్టి సిమెంటు కూడా అంతే అనుకున్నాం. ఆ మాట విని ఫైనల్ ఇయర్ సివిల్ అన్న ఒకాయన ఖాళీ బస్తా తెచ్చి మా ముందు పరిచాడు. దాని మీద పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంట్ అని, ఐఎస్ 455 అని ఉంది. ఆయన ఒక్కటే అడిగాడు: "స్లాబుకి ఎన్ని రోజులు నీళ్లు పెట్టారు?"

మూడు రోజులు. ఆ తర్వాత బోరు మోటారు కాలిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. తప్పు సిమెంటుదా, మనుషులదా అన్నది ఆ రోజు మాకు అర్థం కాలేదు. తర్వాత చదువుతూ పోతే ఆ బస్తా వెనక రెండున్నర శతాబ్దాల కథ, ఆ కథలో మన కొండలు, మన రైలు లైను, మన ఊళ్లు కనిపించాయి. అదే ఇక్కడ చెప్తున్నాం.

1. చిట్టెం అంటే ఏమిటి?

ఇంగ్లీషులో స్లాగ్ అనేదాన్ని తెలుగులో చిట్టెం అంటారు. కమ్మరి కొలిమి చుట్టూ నల్లగా, నురుగు గడ్డకట్టినట్టు, బొక్కలు బొక్కలుగా ఉండే రాళ్లు చూసుంటారు. అదే ఇనుప చిట్టెం. ఆయుర్వేదం వాళ్లు దీన్నే మండూరం అంటారు, పాత చిట్టెంతో మందు కూడా చేస్తారు.

ఇనుప రాయిలో ఇనుము ఒక్కటే ఉండదు. ఇసుక గుణం ఉన్న సిలికా, బంకమన్ను గుణం ఉన్న అల్యూమినా కూడా ఉంటాయి. రాయిని బొగ్గుతో కలిపి కాల్చితే ఇనుము ఒక పక్కకి, మిగిలిన మలినం ఒక పక్కకి వస్తుంది. ఆ మలినమే చిట్టెం. ఇనుము ఎక్కడ తీసినా చిట్టెం తప్పదు.

ఇనుము తీయడం మనకి కొత్త విద్య కాదు. మధ్య భారతంలో అగరియాలు, జార్ఖండ్‌లో అసురులు తరతరాలుగా మట్టి కొలుముల్లో, తోలు తిత్తులు తొక్కుతూ ఇనుము తీశారు. వెరియర్ ఎల్విన్ అగరియాల గురించి 1942లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. వాళ్లకి ఇనుముకి ఒక దేవుడు, నిప్పుకి ఒక దేవుడు, బొగ్గుకి ఒక దేవుడు ఉన్నారని అందులో రాశాడు. మన ఏజెన్సీలో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న కమ్మరలు కూడా ఈ విద్య వారసులే. తెలంగాణలో చాలా ఊళ్ల పొలిమేరల్లో ఇప్పటికీ చిట్టెం కుప్పలు ఉన్నాయి. నిర్మల్ వైపు, కోనసముద్రం వైపు తయారైన ఉక్కు దూర దేశాల కత్తులకు పోయిందని చరిత్రకారులు రాశారు.

అయితే ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. "మన తాతలే సిమెంటు కనిపెట్టారు" అని కొందరు ఫార్వర్డ్ మెసేజీలు తిప్పుతారు. అది నిజం కాదు. మన పాత కొలుముల చిట్టెంలో సున్నం దాదాపు లేదు, ఇనుమే చాలా మిగిలిపోయేది. దాన్ని ఎంత పొడి చేసినా సిమెంటు అవ్వదు. తాతల గొప్ప ఇనుములో ఉంది. లేని గొప్ప తగిలిస్తే ఉన్న గొప్ప కూడా ఎవరూ నమ్మరు.

2. చెత్త సిమెంటు అయిన కథ

యూరప్‌లో పెద్ద బ్లాస్ట్ ఫర్నేసులు వచ్చాక పద్ధతి మారింది. అక్కడ ఇనుప రాయి, కోక్ బొగ్గుతో పాటు సున్నపురాయి కూడా వేస్తారు. సున్నం మలినాన్ని పట్టుకుని, కరిగించి, ఇనుము మీద పాలమీగడలా తేల్చేస్తుంది. అంటే ఈ చిట్టెంలో సున్నం, సిలికా, అల్యూమినా, కొంత మెగ్నీషియా ఉంటాయి. సిమెంటులో ఉండేవి కూడా ఇంచుమించు ఇవే. పాళ్లే తేడా.

1774లో ఫ్రాన్సులో లోరియో అనే ఆయన చిట్టెం పొడిని తడి సున్నంతో కలిపి గచ్చు చేశాడు. కానీ అసలు మలుపు 1862లో జర్మనీలో వచ్చింది. ఎమిల్ లాంగెన్ అనే ఆయన, కరిగిన చిట్టెంని మెల్లగా ఆరనీయకుండా ఒక్కసారిగా నీళ్లలో పోసి చల్లార్చితే దానికి సున్నంతో కలిసి గట్టిపడే గుణం వస్తుందని చూపించాడు.

ఇదే మొత్తం రహస్యం. కాబట్టి కాస్త ఆగి అర్థం చేసుకుందాం. చిట్టెం ఫర్నేసు నుంచి ఇంచుమించు 1500 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. దాన్ని గుంటలో పోసి వదిలేస్తే నిదానంగా చల్లారి మామూలు రాయి అవుతుంది. రోడ్డుకి కంకరగా పనికొస్తుంది, అంతే. అదే చిట్టెం మీద గట్టిగా నీళ్లు కొడితే, లోపలి అణువులు వరుసలో సర్దుకునే టైము దొరకదు. గాజులాంటి ఇసుక రేణువులుగా విడిపోతుంది. ఆ గాజులో శక్తి నిద్రపోతూ ఉంటుంది. సున్నం తగిలితే లేస్తుంది.

1865 నాటికి జర్మనీలో చిట్టెం, సున్నం కలిపిన సిమెంటు అమ్మకానికి వచ్చింది. తర్వాత పోర్ట్‌లాండ్ సిమెంటులో చిట్టెం కలపడం మొదలయ్యింది. అప్పుడు గొడవ కూడా మొదలయ్యింది. పోర్ట్‌లాండ్ సిమెంటు కంపెనీల సంఘం వాళ్లు ఇది కల్తీ అన్నారు. చూడండి, మన హాస్టల్లో వినపడిన మాటే నూటపాతికేళ్ల క్రితం జర్మనీలో కూడా వినపడింది! అయితే అక్కడ గొడవ నోటి మాటలతో ఆగలేదు. దిమ్మలు పోశారు, పగలగొట్టి చూశారు, సముద్రపు నీళ్లలో నానబెట్టి చూశారు. చివరికి 1909లో చిట్టెం తక్కువ పాలున్న సిమెంటుకి, 1917లో ఎక్కువ పాలున్న సిమెంటుకి అక్కడ అధికారికంగా ప్రమాణాలు వచ్చాయి. కల్తీ అన్న మాట పోయింది.

కల్తీకి, కలపడానికి తేడా ఏమిటి? చెప్పకుండా కలిపితే కల్తీ. ఎంత కలిపామో రాసి, పరీక్షకి నిలబడితే అది వేరే సరుకు. దానికి వేరే పేరు, వేరే వాడే పద్ధతి.

3. సాక్చీ నుంచి ఝింక్‌పానీ

మన దేశంలో ఈ కథ ఆదివాసీ నేల మీదే మొదలయ్యింది. 1904లో ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండలో మంచి ఇనుప రాయి ఉందని టాటాలకి ఉత్తరం రాశాడు. అది సంతాల్ ప్రాంతం. దాని ఆధారంగా సాక్చీ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీ కట్టారు. 1911 డిసెంబరులో మొదటి ఫర్నేసు వెలిగింది, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు వచ్చింది. సాక్చీ పేరు తర్వాత జంషెడ్‌పూర్ అయ్యింది.

ఒక్క విషయం గమనించండి. ఆ శాస్త్రవేత్త పేరు చరిత్రలో ఉంది, కంపెనీ పేరు ఉంది, ఊరికి కంపెనీ ఆయన పేరే పెట్టారు. "ఇదిగో, ఈ కొండలో ఇనుము ఉంది" అని దారి చూపించిన అక్కడి మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ మాకు కనపడలేదు.

ఫర్నేసులతో పాటు చిట్టెం కూడా పెరిగింది. దాన్ని వాడుకునే సిమెంటు పని సింగ్‌భూమ్‌లోనే, చైబాసా దగ్గర ఝింక్‌పానీలో సాగింది. అది హో ఆదివాసీల కొల్హాన్ ప్రాంతం. సున్నపురాయి వాళ్ల నేలది, చిట్టెం జంషెడ్‌పూర్‌ది. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో మన దేశం ఈ సిమెంటుకి ప్రమాణం రాసుకుంది. అదే ఐఎస్ 455. అంటే మా హాస్టల్ బస్తా మీద ఉన్న నంబరు మా తాతల కాలంనాటిది! ఇప్పటి ప్రమాణం ప్రకారం ఆ సిమెంటులో చిట్టెం 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు. వాడే చిట్టెం ఎలా ఉండాలో చెప్పే ఇంకో ప్రమాణం 1987లో వచ్చింది. అందులో గాజు భాగం కనీసం 85 శాతం ఉండాలని రాశారు. గుంటలో ఆరిన చిట్టెం పనికిరాదని అర్థం.

4. బైలడిలా, కేకే లైను, విశాఖ

ఇప్పుడు మన ఇంటి ముందుకి వద్దాం.

అరకు, అనంతగిరి వైపు పుట్టినవాళ్లందరికీ ఒక ఆట తెలుసు. గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెట్టడం. ఎర్రగా రాయి నింపుకుని ఇంజన్లు మూలుగుతూ ఘాట్ దిగుతుంటే లెక్క ఎప్పుడూ తప్పిపోయేది. ఆ రాయి ఎక్కడిదో, ఎక్కడికి పోతోందో చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ రాయి బస్తర్‌లోని బైలడిలా కొండలది. బైలడిలా అంటే ఎద్దు మూపురం. కొండ వరస అలాగే ఉంటుంది. 1960లో ఆ రాయి కొనడానికి జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం అయ్యింది. దాన్ని సముద్రానికి చేర్చడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బొర్రా, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా, 445 కిలోమీటర్ల లైను వేశారు. తూర్పు కనుమలు తొలిచి యాభైకి పైగా సొరంగాలు చేశారు. 1968లో కిరండూల్ గని మొదలయ్యింది. మన ఊళ్ల మీదుగా రైలు వచ్చింది మన కోసం అనుకుంటాం గానీ, అది వచ్చింది రాయి కోసం.

1966ని గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది మార్చి 25న జగదల్‌పూర్ కోటలో పోలీసు కాల్పుల్లో బస్తర్ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో ఉన్న ఆదివాసీలు చనిపోయారు. అదే ఏడాది నవంబరు 1న "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం మీద విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని చెప్తారు. రెండో సంగతి మన పాఠాల్లో ఉంది, ఉండాలి కూడా. మొదటిది మాత్రం లేదు. రెండు కాల్పులకీ కారణాలు వేరు. కానీ ఆ రాయి ఉన్న నేల ఒకటి, ఆ రాయితో ఉక్కు చేయమని అడిగిన నేల ఒకటి. మధ్యలో మనం ఉన్నాం.

1971 జనవరి 20న ఇందిరా గాంధీ విశాఖ ఉక్కుకి శంకుస్థాపన చేశారు. రెండు దశాబ్దాలు గడిచాక 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. దాని పేరు గోదావరి. 1992లో రెండోది, కృష్ణ. 2012లో మూడోది, అన్నపూర్ణ. ఫ్యాక్టరీ కోసం అక్కడి రైతులు, మత్స్యకారులు ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేశారు. వాళ్ల బాధ కూడా మనకి తెలియనిది కాదు.

ఈ ఫ్యాక్టరీకి సొంత ఇనుప గని లేదు. రాయి బైలడిలా నుంచి, మన లైను మీదుగానే వస్తుంది. సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైట్ ఖమ్మం జిల్లా మాధారం నుంచి వస్తాయి. కోక్ బొగ్గు ఎక్కువగా విదేశాలది. ఇవన్నీ ఫర్నేసులో కలిస్తే అడుగున ఇనుము, పైన చిట్టెం. చిట్టెంలోని సిలికా, అల్యూమినా కొంత బైలడిలా రాయివి, కొంత బొగ్గు బూడిదవి. సున్నం జగ్గయ్యపేటది, మెగ్నీషియా మాధారంది. ఒక టన్ను ఇనుముకి ఇంచుమించు 300 నుంచి 400 కిలోల చిట్టెం వస్తుంది.

విశాఖలో చిట్టెంని ఫర్నేసు దగ్గరే నీళ్లు కొట్టి ఇసుకలా మార్చే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. ఆ ఇసుకని సిమెంటు కంపెనీలు కొనుక్కుంటాయి. అందుకే ఉత్తరాంధ్రలో చిట్టెం సిమెంటు అంత మామూలుగా దొరుకుతుంది. మన ఏజెన్సీకి "చెత్త" పంపడం కాదిది. విశాఖ నగరంలో మేడలకి, హార్బరు పనులకి కూడా ఈ రకమే పోతుంది. సముద్రపు ఉప్పుని తట్టుకోవడంలో ఇది మామూలు సిమెంటు కన్నా మెరుగు. కాంక్రీటు లోపలి సన్నటి దారులు మూసుకుపోతాయి కాబట్టి ఉప్పు నీరు చువ్వ దాకా తొందరగా పోలేదు.

5. మరి స్లాబు ఎందుకు పొడి రాలింది?

ఇది తెలియకపోతే పై చరిత్ర అంతా దండగ. కాబట్టి జాగ్రత్తగా చదవండి.

మామూలు సిమెంటు నీళ్లతో కలవగానే గట్టిపడటం మొదలుపెడుతుంది. ఆ పనిలో కొంత సున్నం విడుదలవుతుంది. ఆ సున్నమే చిట్టెంలోని నిద్రని లేపుతుంది. అంటే చిట్టెం పని రెండో విడతలో మొదలవుతుంది. మొదటి వారంలో బలం తక్కువగా కనపడుతుంది. 28 రోజులకి అందుకుంటుంది. ఆ తర్వాత నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కానీ ఆ రెండో విడత పనికి తడి కావాలి. మూడో రోజునే నీళ్లు ఆపేస్తే లేవబోతున్న చిట్టెం మళ్లీ పడుకుంటుంది. పై పొర ఇసుకలా రాలుతుంది.

కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఏం చెప్తుందంటే, మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు తడి ఉండాలి. చిట్టెం, బూడిద లాంటివి కలిసిన సిమెంటుకి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు. సెంట్రింగ్ విప్పడంలో కూడా తొందర పనికిరాదు. చలి ఎక్కువుంటే ఇంకా నిదానం. లంబసింగి, చింతపల్లి, పాడేరు చలికాలంలో విశాఖ లెక్క పనిచేయదు.

ఇప్పుడు మన ఊళ్లలో ఇళ్ల పథకాల కింద కట్టే ఇల్లు గుర్తుచేసుకోండి. నీళ్లు గెడ్డ నుంచి బిందెలతో మోయాలి. మోసేది మన అమ్మలు, అక్కలు. 14 రోజులు స్లాబు తడపాలంటే ఎన్ని బిందెలు? ఆ కూలి ఏ ఎస్టిమేటులోనైనా రాశారా? మేం చూసినంతలో రాయలేదు. బిల్లు తొందరలో కాంట్రాక్టరు మూడు రోజులకే ముగిస్తాడు, నీళ్లు లేక ఇంటివాళ్లు వదిలేస్తారు, చివరికి నింద సిమెంటు మీద పడుతుంది. లేదంటే "ఆదివాసీలకి ఇల్లు కట్టించినా నిలబెట్టుకోలేరు" అని మన మీద పడుతుంది. మా హాస్టల్లో జరిగింది సరిగ్గా ఇదే.

ఇంకో జాగ్రత్త. అన్ని చిట్టెాలూ ఒకటి కాదు. పైన చెప్పింది బ్లాస్ట్ ఫర్నేసు చిట్టెం. ఆ ఇనుమునే తర్వాత ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చే చిట్టెం వేరు. అందులో కలవని సున్నం మిగిలి ఉంటుంది, తర్వాత నీరు తగిలి ఉబ్బుతుంది. ఎవరైనా చవగ్గా "ఫ్యాక్టరీ స్లాగు" లారీతో తెచ్చి ఇంటి పనికి పోస్తానంటే ఒప్పుకోకండి. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు మరో రకం, దానికి ఐఎస్ 1489 అని ఉంటుంది. బస్తా మీద అంతా రాసే ఉంటుంది. చదవడమే మన పని.

6. ఎంత మిగిలింది, ఎవరికి మిగిలింది?

చిట్టెం వాడితే లాభం ఏమిటో చిన్న లెక్క వేద్దాం. సిమెంటుకి అసలు ముడి క్లింకర్. ఒక టన్ను క్లింకర్‌కి ఇంచుమించు టన్నున్నర సున్నపురాయి తవ్వాలి, 1450 డిగ్రీల దాకా కాల్చాలి. రాయి నుంచి, బొగ్గు నుంచి కలిపి టన్నుకి 800 కిలోలకి పైగా బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. చిట్టెం అప్పటికే కాలి కరిగి వచ్చింది కాబట్టి మళ్లీ కాల్చక్కర్లేదు, మెత్తగా విసిరితే చాలు.

ఒక ఇంటికి వంద బస్తాలు అనుకోండి, అంటే 5 టన్నులు. అందులో సగం చిట్టెం ఉంటే రెండున్నర టన్నుల క్లింకర్ మిగిలింది. మూడుముప్పావు టన్నుల సున్నపురాయి కొండలోనే ఉండిపోయింది. రెండు టన్నుల దాకా గాలి మలినం తగ్గింది. ఒక్క ఇంటికే ఇంత. సున్నపురాయి కొండలు కూడా చాలా చోట్ల మనోళ్ల పక్కనే ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు గోండు, కోలాం అన్నలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి చిట్టెం సిమెంటుని మేం సమర్థిస్తాం. ఒక కొండని తవ్వేశాక వచ్చిన మిగులుతో ఇంకో కొండ కొంతైనా మిగిలితే మంచిదే.

కానీ లెక్క ఇక్కడితో ఆపేస్తే అది సగం లెక్క.

బైలడిలా కింద శంకిని, డంకిని వాగులు ఏళ్ల తరబడి ఎర్రగా పారాయి. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో, యంత్రాలొచ్చి పని పోయిన కాంట్రాక్టు కూలీల ఆందోళన మీద కాల్పులు జరిగాయి. 2019 జూన్‌లో 13వ నంబరు గని కోసం నందరాజ్ కొండని ఇవ్వబోతే వేలమంది ఆదివాసీలు నడిచొచ్చి కిరండూల్‌లో కూర్చున్నారు. ఆ కొండ వాళ్ల దేవుడు. ఈ ధరలు ఏ "పర్యావరణ హిత" సిమెంటు బస్తా మీదా రాయరు.

చట్టం ఏం చెప్తుంది? 1997లో సమతా తీర్పు వచ్చింది. అది మన అనంతగిరి మండలం బొర్రా గనుల లీజుల నుంచి పుట్టిన కేసే. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసీయేతరులకి గనుల కోసం ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. నడుస్తున్న గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం పక్కన పెట్టాలని కూడా చెప్పింది. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులకి రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన లీజులకి 10 శాతం ఆ నిధికి పోవాలి.

ఇక్కడ ఒక తేడా చూడండి. రాయల్టీ లెక్క ఇనుప రాయి గని దాటేటప్పుడే ముగుస్తుంది. అదే రాయిలోంచి తర్వాత వచ్చిన చిట్టెం అమ్మితే ఆ డబ్బు ఫ్యాక్టరీ ఆదాయం, దాంతో చేసిన సిమెంటు లాభం సిమెంటు కంపెనీది, తగ్గిన కాలుష్యం పేరు బిల్డరుది. ఒకప్పుడు చిట్టెం పారేసేవాళ్లు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు దానికి ధర ఉంది, 2018లో చిట్టెం పొడికి విడిగా ప్రమాణం కూడా వచ్చింది. చెత్త సరుకుగా మారినప్పుడు లెక్క కూడా మారాలి గదా?

ఇది పాత ముచ్చట కాదు. 2023లో జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో ఉక్కు ఫ్యాక్టరీ మొదలయ్యింది. అంటే ఇప్పుడు చిట్టెం బస్తర్‌లోనే పుడుతోంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఏళ్లుగా అడుగుతున్నారు. ఖమ్మం జిల్లాలో సాధ్యమో కాదో చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. విశాఖ ఉక్కుని అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయం తీసుకుంటే కార్మికులు పోరాటానికి దిగారు. ఈ చర్చలన్నిటిలో ఉద్యోగాలు అడుగుతారు, భూమి అడుగుతారు. చిట్టెం గురించి ఎవరూ అడగరు. మనం అడుగుదాం.

7. మనం చేయగలిగినవి

పెద్ద మాటలు చెప్పి వెళ్లిపోవడం మాకు ఇష్టం లేదు. చేయగలిగినవి నాలుగు చెప్తాం.

ఒకటి. మీ ఊళ్లో ఏ సర్కారు కట్టడం నడిచినా బస్తా మీద నంబరు చదవండి. ఐఎస్ 455 అయినా, 1489 అయినా 14 రోజులు తడి ఉండాలని మేస్త్రికి, ఇంజనీరు సారుకి మర్యాదగానే చెప్పండి. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలిపితే బిందెలు తగ్గుతాయి. గోడలకి, స్తంభాలకి తడి గోనె పట్టాలు చుట్టండి.

రెండు. గ్రామసభలో ఇళ్ల ఎస్టిమేటు గురించి మాట్లాడినప్పుడు నీళ్లు మోసే కూలి విడిగా రాయమని అడగండి. అడిగితే పోయేదేం లేదు.

మూడు. సివిల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో కాపీ కొట్టకండి. చిట్టెం సిమెంటుతో దిమ్మలు పోసి కొన్ని 3 రోజులు, కొన్ని 14 రోజులు తడిపి, పాడేరు చలిలో ఒక వరస, విశాఖ వేడిలో ఒక వరస పెట్టి పగలగొట్టండి. ఆ అంకెలు మన ఊరి ఇంజనీరు ముందు పెడితే ఏ ఉపన్యాసం కన్నా గట్టిగా పనిచేస్తాయి.

నాలుగు. న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు చిట్టెం అమ్మకం లెక్కల మీద సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం నేర్చుకోండి. ఖనిజ నిధి మన జిల్లాల్లో దేనికి ఖర్చయిందో అడగండి.

చివరగా మా హాస్టల్ గదుల సంగతి. మేం పోట్లాడి పై పొర గీకించి మళ్లీ గచ్చు చేయించాం. ఈసారి మేమే వంతులు వేసుకుని, పొద్దున ఒక గది వాళ్లు, సాయంత్రం ఒక గది వాళ్లు, పద్నాలుగు రోజులు నీళ్లు పోశాం. బస్తా అదే రకం, ఐఎస్ 455. ఇప్పటికీ గోటికి రాలలేదు. ఆ గదుల్లో ఇప్పుడు జూనియర్లు ఉంటున్నారు.

వాళ్లకి ఒక్క మాట. మీ కాళ్ల కింద ఉన్న గచ్చులో ఎద్దు మూపురం కొండ రాయి ఉంది. అది మన ఊళ్ల మీదుగా రైలెక్కి వెళ్లి, కాలి, కరిగి, బస్తాలో మళ్లీ ఘాటెక్కి మన దగ్గరికే వచ్చింది. దాన్ని చెత్త అనకండి. దాని లెక్క మాత్రం అడగండి.

మీ ఊళ్లో చిట్టెం కుప్పలు ఉన్నా, పెద్దోళ్లు పాత కొలుముల గురించి చెప్పిన మాటలు ఉన్నా కింద రాయండి. అన్నీ కలిపి ఇంకో పోస్టు వేద్దాం.

జై ఆదివాసీ. జోహార్.